అత్తగారి ప్రతిరూపానికి అటెండెంట్

మా అత్తగారు కోటమాంబగారు మొన్న దసరా సెలవుల్లో కాలం చేశారు. ఆ కబురు వచ్చేసరికి ఆవిడ పెరటి మెట్ల మీద కూర్చుని గోంగూర దూస్తున్నారు. పోయిన సంగతి ఆవిడకు తెలియదు. ఎదురుగా కూర్చుని పుచ్చు ఆకులు ఏరేస్తున్న నాకూ తెలియదు. సంస్థవారు చెబితేనే తెలిసింది.

మొదటినుంచి చెబితే గాని అర్థం కాదు.

అంతకు ముందు వేసవిలో ఆవిడకు దగ్గు పట్టుకుంది. మిరియాల కషాయం అయింది, సిరప్పులు అయ్యాయి, చివరికి స్కానింగ్ అయింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్నారు. అప్పటికే ముదిరి వెన్నెముక దాకా పాకిందన్నారు. అంతవరకూ ఆవిడ నన్ను ఒక్క ఊపిరిలో తిట్టగలిగేవారు. పాలు పొంగబెట్టిన దగ్గర మొదలుపెట్టి, మా పెళ్ళిలో మా పుట్టింటివారు పోసిన పలచటి పులుసు దాకా ఎక్కడా ఆగేవారు కాదు. జబ్బు వచ్చాక పాల దగ్గర ఒకసారి, పులుసు దగ్గర ఒకసారి ఆగి రొప్పేవారు. కొన్నాళ్ళకు పులుసు దాకా రావడమే మానేశారు. తిట్టు మధ్యలో ఆగిపోయిన ఆవిడకు నేనే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేదాన్ని.

కాకినాడ శివార్లలో శ్వాసకోశ నమూనా పరిశోధనా సంస్థ అని ఒకటుంది. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కొత్త మాత్ర ఒకటి అక్కడ పరీక్షిస్తున్నారని తెలిసి ఆవిడను చేర్పించాం. చేరిన ప్రతి రోగికీ కంప్యూటర్లో ఒక ప్రతిరూపాన్ని తయారుచేస్తారు. మనిషి స్కానింగులు, రక్తపరీక్షలు, గడ్డలోంచి తీసిన ముక్క వివరాలు అన్నీ అందులో పోస్తారు. మందు ముందు ప్రతిరూపానికి ఇచ్చి, దానికేమవుతుందో చూసి, మనిషికి ఎంత ఇవ్వాలో నిర్ణయిస్తారు. ఆలోచన చాలా మంచిది. ఆ మాట ఇప్పటికీ అంటాను.

ప్రతిరూపాల విభాగం అధిపతి డాక్టర్ నందకిశోర్ మా అత్తగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వివరాలు రాబట్టాడు.

"రోజూ ఏం తింటారండీ?"

"పొద్దున్న పెసరట్టు. మధ్యాహ్నం పప్పు, ఏదో కూర, గోంగూర పచ్చడి. గోంగూర లేని పూట అన్నం తిన్నట్టుండదు నాయనా."

అతను తెర మీద పైకీ కిందికీ వెతికాడు. "గోంగూర రావట్లేదండి. ఓట్స్ పెట్టేస్తున్నాను."

"ఎవరికి?"

"మీ ప్రతిరూపానికి."

"దానిదీ నాలాంటి నాలికేగా బాబూ!"

"నాలుక లేదండి దానికి. ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకలు, అంతే."

"అదృష్టవంతురాలు," అన్నారు మా అత్తగారు. "ఆ మాత్ర చేదు తెలీదు."

మాత్ర నిజంగానే చేదు. వేసుకున్నాక పూటంతా నోట్లో ఇనుప మేకు పెట్టుకున్నట్టు ఉంటుందనేవారు. అందుకని చెంపలో దాచుకుని, నేను అటు తిరగగానే కనకాంబరం కుండీలో ఊసేవారు. కుండీ తవ్వినప్పుడు బయటపడింది. అప్పట్నుంచి మాత్ర ఇచ్చాక నోరు తెరిపించి చూడడం నా పని. "కోడలివా, పళ్ళ డాక్టరువా?" అని అడిగేవారు. అడిగినా నోరు తెరిచేవారు.

మాత్ర పనిచేసింది. వానలు మొదలయ్యేసరికి ఆవిడ డాబా మెట్లు ఎక్కి వడియాలు చూసి వచ్చారు. శ్రావణ మాసంలో ఒకనాడు పాలు పొంగాయి. పాల దగ్గర మొదలుపెట్టి, పులుసు దాకా, ఒక్క ఊపిరిలో వచ్చేశారు. నేను వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

సరిగ్గా అప్పుడే సంస్థకు తనిఖీ బృందం వచ్చింది.

ఆ బృందం ప్రతిరూపాల గదిని చూసి, ఇవి రాత్రింబవళ్ళు ఇక్కడే ఉంటాయి కనుక ఇన్‌పేషెంట్లే అని తేల్చింది. ఇన్‌పేషెంటు అన్నాక పక్కన అటెండెంట్ ఉండితీరాలి. కేసుకు ఒక్క అటెండెంటు పాసే ఇస్తారు. వార్డు సిస్టర్ ఎస్తేరుగారు నా మెడలో పాసు వేసి గది వైపు చూపించారు.

"మీరు లోపల ప్రతిరూపం దగ్గర కూర్చోవాలండి. అటెండెంట్ లేకపోతే డిశ్చార్జి రాసేస్తారంట."

"మరి అత్తయ్యగారి దగ్గరెవరుంటారండీ?"

"ఆవిడ ఇన్‌పేషెంటు కాదుగదండి." సిస్టర్ రిజిస్టరు తిరగేశారు. "ఆవిడ విజిటరండి. సాయంత్రం నాలుగూ ఆరూ మధ్యలో వచ్చి చూసుకోవచ్చు."

ఆ రోజునుంచి పరీక్షలకు వచ్చినప్పుడల్లా మా అత్తగారు వరండాలో బల్ల మీద, నేను ఏసీ గదిలో స్టూలు మీద. తెర మీద రెండు ఊపిరితిత్తులు పొంగుతూ, అణుగుతూ ఉండేవి. ఎడమవైపు మూల ఎర్రగా గడ్డ. నా పక్క స్టూలు మీద తుని నుంచి వచ్చినాయన వాళ్ళ నాన్నగారి ప్రతిరూపం కోసం కొబ్బరిబోండాలు తెచ్చి వరసగా పెట్టేవాడు. సిస్టర్ ఎస్తేరుగారు పూటకోసారి వచ్చి తెరల మీద దుమ్ము తుడిచి, జ్వరం ఎంతుందో చూసి రాసుకుని, "గట్టిగా మాట్లాడకండి, పడుకున్నారు" అని మమ్మల్ని మందలించి వెళ్ళేవారు.

అద్దం అవతల నుంచి మా అత్తగారు చెయ్యి ఊపి సైగ చేసేవారు, ఎలా ఉన్నాను అని.

బాగానే ఉన్నారు అని నేను తల ఊపేదాన్ని.

ఆ తరువాతి స్కానింగులో మనిషి గడ్డ ప్రతిరూపం గడ్డకంటే ముందే తగ్గింది. ఇంటికి కాగితం వచ్చింది. 'మీ ఊపిరితిత్తులయందలి గడ్డ, ప్రతిరూపమునందలి గడ్డకంటె ముందుగా తగ్గినట్లు గమనించబడినది. ఇట్టి వ్యత్యాసమునకు తగు సంజాయిషీ సమర్పించవలెను.'

మా అత్తగారు పడక్కుర్చీలో వెనక్కి వాలి నాచేత జవాబు రాయించారు. "తెలియక తగ్గింది. ఇకమీదట అడిగి తగ్గుతాను. చిత్తగించవలెను. రాశావా? కింద నా సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు."

ఆ జవాబుతో వాళ్ళు తృప్తిపడ్డారు.

దసరా వచ్చింది. సెలవులకు ముందురోజు ప్రతిరూపాల గదికి తాళం వేస్తామని మమ్మల్ని స్టూళ్ళ మీంచి లేపేశారు. నేను గుమ్మం దగ్గర ఆగి నందకిశోర్‌ను అడిగాను.

"సెలవుల్లో దీనికి ఓట్స్ ఎవరు పెడతారండీ?"

"ఏంటండీ?"

"రోజూ పొద్దున్నే మీ దగ్గర పనిచేసే అమ్మాయి వచ్చి తిండి, నీళ్ళు, నిద్ర అని కంప్యూటర్లో కొడుతుంది కదా. సెలవుల్లో ఎవరు కొడతారు?"

"ఎవరూ కొట్టరండి. సెలవులు కదా."

"కొట్టకపోతే అది ఏమనుకుంటుంది?"

అతను నవ్వబోయి ఆగాడు. "ఖాళీగా వదిలేస్తే సున్నా కింద లెక్క." ఆ మాట తన చెవికే ఎలా వినబడిందో, మళ్ళీ అన్నాడు. "సున్నా."

"పోనీ నేను వచ్చి కొట్టనా? చూసి చూసి నాకు వచ్చేసింది."

"అటెండెంట్లు పరికరాలు ముట్టుకోకూడదండి. రూలు. అయినా కంప్యూటరండి అది, మీరు మరీనూ!"

ఇంటికి వస్తూ ఆటోలో ఈ సంగతి మా అత్తగారికి చెప్పాను. "పండగ పూట ఎవర్నీ పస్తుపెట్టకూడదే," అన్నారు. మరునాడు బూరెలు వండించుకుని ఆవిడ మాత్రం తిన్నారు.

సెలవులు అయిన మొదటి రోజున మావారి ఫోనుకు సందేశం వచ్చింది. 'మీ రోగి శ్రీమతి కోటమాంబ ప్రతిరూప వార్డులో పరమపదించినట్లు తెలియజేయుటకు చింతిస్తున్నాము.' మావారు పోర్టు ఆఫీసులో పనిచేస్తారు. 'పరమపదించినట్లు' అన్న మాట ఒక్కటే ఆయన కంటబడింది. ఆఫీసులో వాళ్ళు ఆయన్ని కారెక్కించి, దారిలో దండ కొని, నలుగురూ కలిసి పెరట్లోకి వచ్చారు. మా అత్తగారు గోంగూర దూయడం ఆపి చూశారు.

"ఎవరికిరా ఆ దండ?"

మావారు వాళ్ళమ్మ ఒళ్ళో తల పెట్టేశారు. దండ పట్టుకొచ్చినాయన దాన్ని వెనక్కి దాచుకుంటూ, "మీకేనండి," అన్నాడు, నిజం తప్ప ఇంకేమీ తోచక.

"నాకా? సన్మానం అని ముందే చెబితే చీర మార్చుకునేదాన్ని కదయ్యా," అన్నారు. విషయం మొత్తం విన్నాక పొట్ట పట్టుకుని నవ్వారు. వచ్చిన వాళ్ళందరికీ కాఫీ ఇప్పించారు. దండ పారేయడమెందుకని గేటుకు కట్టించారు.

నేను నవ్వలేకపోయాను. సందేశం చివర ఇంకో ముక్క ఉంది. 'మృతి కారణంగా ఔషధ సరఫరా నేటినుండి నిలిపివేయడమైనది.' లోపలికి వెళ్ళి డబ్బా తెరిచి చూశాను. మాత్రలు అడుగున వారానికి సరిపడా దొర్లుతున్నాయి. ఆ మాత్ర బయట ఎక్కడా దొరకదు. అది ఆగితే ఏమవుతుందో నాకు ఏ కంప్యూటరూ చెప్పక్కర్లేదు. ముందు పులుసు దగ్గర ఆగుతారు. తరువాత పాల దగ్గర.

మరునాడు ఆవిణ్ణి వెంటబెట్టుకుని సంస్థకు వెళ్ళాను. డైరెక్టర్ విశ్వంభరంగారు లేచి నిలబడి, రెండు చేతులూ కట్టుకుని, తల వంచారు.

"సంస్థ తరఫున ప్రగాఢ సానుభూతి. వారి సేవలు విజ్ఞాన లోకం మరువజాలదు."

"ఆవిడ బతికే ఉన్నారండీ. వీరే," అన్నాను.

ఆయన మా అత్తగారి వైపు చూశారు. ఆవిడ నమస్కారం పెట్టారు. ఆయన ప్రతినమస్కారం పెట్టి, మళ్ళీ నావైపు తిరిగారు.

"చూడమ్మా. తమరి వాదన భావోద్వేగపరమైనది. ప్రతిరూపంలో కొన్ని లక్షల గణనలు జరిగిన మీదట ఈ నిర్ధారణకు వచ్చాం. మరి మీరు చూపిస్తున్నది ఎంతమందిని? ఒకే ఒక్క మనిషిని. ఒక్క మనిషిని ఆధారం చేసుకుని సంస్థ నిర్ణయాలు మార్చుకుంటే విజ్ఞానం ఎలా నిలబడుతుంది?"

"పోవడానికి కారణం ఏమని రాశారండీ?"

"వ్యాధి ముదరడం."

"ఆకలి కాదాండీ? సెలవులన్నాళ్ళూ దానికి మంచినీళ్ళు కూడా లేవు."

మూల కూర్చున్న నందకిశోర్ చాలా శ్రద్ధగా తన బూట్లు పరిశీలించడం మొదలుపెట్టాడు.

"ఆకలి," అన్నారు డైరెక్టరుగారు, "మా పరిశోధన పరిధిలో లేదు. మాది శ్వాసకోశ సంస్థ."

"పోనీ ఆ కంప్యూటరు సంగతి మీ ఇష్టం. మందొక్కటీ ఆపకండి."

"మృతులకు మందు కొనసాగిస్తే నైతిక సమితికి ఏమని జవాబు చెప్పుకోమంటారు?"

మా అత్తగారు అంతవరకూ ఓర్చుకున్నారు. "నాయనా, నేనోమాట చెప్పొచ్చా?"

"ఈవిడ..." అని డైరెక్టరుగారు నన్ను చూశారు.

"మృతురాలండి," అన్నాను.

"మృతుల తరఫున అటెండెంటే మాట్లాడాలి. పద్ధతి." ఆయన బెల్లు కొట్టారు. అంటే మేము వెళ్ళవచ్చునని.

వరండాలోకి వచ్చాం. మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని నడుస్తూ, "పోనీలేవే, ఆ ఇనప చేదు వదిలింది," అన్నారు. నన్ను ఊరడించడానికే అన్నారు. ఆ చెయ్యి మాత్రం చల్లగా ఉంది.

లిఫ్టు పక్కన ఒక నీలం బోర్డు ఉంది. నెలల తరబడి లిఫ్టు కోసం నిలబడి చదివినదే. 'మృతి చెందిన ఇన్‌పేషెంటు పేర కేటాయించి, వాడకుండ మిగిలిన మందులు తదితర వస్తువులు మృతదేహముతోపాటు అటెండెంటుకు అప్పగించబడును. అదేరోజు తీసుకొనిపోవలెను.' లిఫ్టు వచ్చింది. నేను ఎక్కలేదు. ఆవిణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి మళ్ళీ డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళాను.

"ఇంకా ఏమిటమ్మా?"

"మృతదేహాన్ని ఇప్పిస్తే తీసుకెళ్ళిపోతామండి. దానితోపాటు ఆవిడ పేరుమీద మీరు తీసిపెట్టిన మాత్రలూ."

ఆయన కళ్ళజోడు తీశారు. పెట్టుకున్నారు. "దేహమా?"

"ఇన్‌పేషెంటే కదండీ. అందుకేగా నేను స్టూలు మీద కూర్చున్నాను." మెడలో పాసు చూపించాను. "అదేరోజు తీసుకుపోవాలని మీ బోర్డు మీదే ఉంది. ఇప్పటికే ఒక రోజు ఆలస్యమైంది. తప్పు మాదే."

"సార్, దేహమంటూ ఏమీ..." అని నందకిశోర్ అనబోయాడు.

డైరెక్టరుగారు చెయ్యెత్తి ఆపారు. ఆయన ముఖంలో కొత్త కాంతి కనిపించింది. ఎదురుగా మనిషిని చూపించినప్పుడు రానిది, నిబంధన పేరు చెప్పగానే వచ్చింది. "నందకిశోర్, నిబంధన ఉన్నప్పుడు దేహం ఉండితీరాలి. లేదంటే మనం ఇన్నాళ్ళూ ఎవరికి వైద్యం చేసినట్టు? ఏర్పాట్లు చూడండి."

ఏర్పాట్లకు మధ్యాహ్నం దాటింది. కోటమాంబగారి ప్రతిరూపాన్ని మొత్తం ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించారు. కాలి బొటనవేలికి కట్టాల్సిన చీటీ ఎక్కడ కట్టాలన్న చర్చ జరిగి, చివరికి మూతకు కట్టారు. తెల్లగుడ్డలో చుట్టి స్ట్రెచరు మీద పడుకోబెట్టారు. నలుగురు మోయాలన్నది పద్ధతి కనుక నలుగురు మోశారు. సిస్టర్ ఎస్తేరుగారు శిలువ గుర్తు వేసుకుని, ముక్కు చీదుకుంటూ నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఎంత నెమ్మదైన పేషెంటండీ. ఒక్కసారంటే ఒక్కసారి బెల్లు కొట్టలేదు."

స్ట్రెచరు వెనకాలే మాత్రల పెట్టె వచ్చింది. ఉగాది దాకా సరిపోతాయి. దాని మీద 'మృతురాలి వస్తువులు' అని రాసి ఉంది. గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చిన డైరెక్టరుగారిని, ఉగాది తరువాత ఏమిటని అడిగాను.

"వారి మరణంతో పరీక్షలో ఒక స్థానం ఖాళీ అయింది. ఉగాదికి కొత్త రోగిని తీసుకుంటాం. అదే వయసు, అదే రకం గడ్డ ఉన్నవారు కావాలి. దొరకడం కష్టమే."

"నేను పనికొస్తానేమో చూడండి బాబూ," అన్నారు మా అత్తగారు.

ఆయన ఆవిణ్ణి తలనుంచి పాదాల దాకా, మొదటిసారి, శ్రద్ధగా చూశారు. "దరఖాస్తు పెట్టుకోండి. మృతురాలి బంధువులకు ప్రాధాన్యం ఉంటుంది."

శవాలను తీసుకెళ్ళే వ్యానే ఇచ్చారు. వెనకాల స్ట్రెచరు, పక్కన పెట్టె పట్టుకుని నేను. మా అత్తగారు గాలి కావాలని ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నారు.

"శ్మశానానికాండి, ఇంటికాండి?"

"ఇంటికే నాయనా. దార్లో కొబ్బరిబోండాల దగ్గర ఓసారి ఆపు."

కొంత దూరం పోయాక అతను మర్యాదగా అడిగాడు. "పోయినావిడ మీకేమవుతారండీ?"

"నేనే బాబూ."

అతను కొబ్బరిబోండాల దగ్గర ఆపలేదు. ఇంకెక్కడా ఆపలేదు. అంత త్వరగా మేము ఎప్పుడూ ఇల్లు చేరలేదు.

మర్నాడు పొద్దున్నే మా అత్తగారు తలంటుకుని, నాచేత వంట చేయించారు. అన్నం, పప్పు, నువ్వుల నూనె తగిలించిన గోంగూర పచ్చడి. విస్తరి పెరటి గోడ మీద పెట్టించారు. పక్కన తెల్లగుడ్డలో పెన్‌డ్రైవు.

"ఇదేమిటండీ అత్తయ్యగారూ, చూసినవాళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ. నా పేరు పెట్టుకుని ఓట్సో గీట్సో తిని, అవీ లేక పస్తులతో పోయిందే అది. నా జబ్బే మోసింది. దానికో ముద్ద పెట్టకపోతే నాకు మెతుకు దిగదు."

గోడ మీద ముద్ద పెట్టాక కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిపోయిందని. ఆ కోరిక తీరుస్తామని మాట ఇస్తే గాని కాకి రాదు. ఎదురింటి డాబా మీద కాకి ఉంది. మమ్మల్ని చూస్తోంది. రావడం లేదు.

"ఇంకెప్పుడూ ఎవరికీ ఓట్స్ పెట్టనివ్వం," అని మాట ఇచ్చారు మావారు. కాకి మెడ అటు తిప్పింది.

"సెలవుల్లో తాళం వెయ్యనివ్వం," అన్నారు. కాకి ముక్కు రాచుకుంది.

ఎండ గోడ మీదికి వచ్చింది. మా అత్తగారు విస్తరి వంక చూశారు. వసారాలో ఉన్న మాత్రల పెట్టె వంక చూశారు. తరువాత నావంక చూశారు.

"సరేలేవే," అన్నారు గోడకేసి తిరిగి. "తెలిసిందిలే నీ బాధ. నీ మాత్రలన్నీ నేనేసుకుంటాను, చెంపలో దాచను, కనకాంబరం కుండీలో ఊయను, మేకులు నమిలినట్టున్నా సరే మానను, ఈ పిల్ల చూసినా చూడకపోయినా మింగుతాను, నువ్వు తినాల్సిన గోంగూర కూడా నేనే తింటాను, ఉగాది అయ్యాక మళ్ళీ వెళ్ళి ఆ మహానుభావుడికి దండం పెట్టి కొత్తగా చేరతాను, అప్పుడు నీ చెల్లెల్ని తయారుచేస్తే దానికి దసరాకి బూరెలు కొట్టందే ఆ గదిలోంచి కదలను, చాలా?"

ఎక్కడా ఆగలేదు. మొదటినుంచి చివరి దాకా ఒక్కటే ఊపిరి.

కాకి వచ్చి గోడ మీద వాలింది. అది గోంగూర ముట్టేలోగా నేను మాత్రా, మంచినీళ్ళూ తెచ్చాను.